ఆర్డర్లు తగ్గిపోయిన గిఫ్ట్ బాస్కెట్ వ్యాపారాన్ని తిరుపతిలో ఇంటి నుంచే మళ్ళీ నడిపించడం ఎలా?

కొత్తగా ఏ డిజైన్ పెట్టాలి, ఇన్‌స్టాగ్రామ్‌లో ఎంత పెట్టి యాడ్ వేయాలి అని చాలామంది అడుగుతున్నారు. ఆ రెండూ చివర్లో చేసే పనులు. గిఫ్ట్ బాస్కెట్ రోజూ కొనే సరుకు కాదు. ఇంట్లో ఏదో ఒక కార్యం ఉంటేనే అడుగుతారు. కాబట్టి ఎవరింట్లో ఎప్పుడు కార్యం ఉందో ముందే తెలిసిన మనుషులను పట్టుకోవడమే ఈ వ్యాపారంలో అసలు మార్కెటింగ్. కింద చెప్పిన వరసలోనే చేయండి. మధ్యలో ఒక అంచె దాటేస్తే తర్వాతి దానికి పెట్టిన డబ్బు వృథా అవుతుంది.

1. ఎక్కడ ఆగిందో ముందు తేల్చుకోండి

గత మూడు నెలల వాట్సాప్ చాట్లు తెరిచి, అడిగిన ప్రతి ఒక్కరినీ ఒక నోటుపుస్తకంలో రాయండి. ఆరు గడులు చాలు: తేదీ, ఎవరి ద్వారా వచ్చారు, ఏ కార్యం, బడ్జెట్, కొన్నారా లేదా, కొనకపోతే చివరి మాట ఏమిటి.

రాసి చూస్తే ఈ నాలుగింటిలో ఒకటి బయటపడుతుంది:

- అసలు అడిగేవాళ్ళే లేరు. మీరున్నట్టు ఎవరికీ తెలియదు. 6, 7 అంచెల మీద పని చేయాలి.
- అడుగుతారు, ధర చెప్పగానే మాయమవుతారు. చాలాసార్లు తప్పు ధరది కాదు, జవాబు ఇచ్చిన తీరుది. 5వ అంచె చూడండి.
- ఆర్డర్లు ఉన్నాయి, చేతిలో డబ్బు మిగలడం లేదు. 2వ అంచె.
- ఒకసారి కొన్నవాళ్ళు మళ్ళీ రారు. సరుకు, ప్యాకింగ్, లేదా మీరు మళ్ళీ పలకరించకపోవడం. 8, 9 అంచెలు.

నాలుగూ ఉన్నాయనిపిస్తే మూడోదానితో మొదలుపెట్టండి. నష్టానికి అమ్ముతూ ఆర్డర్లు పెంచుకుంటే నష్టమే పెరుగుతుంది.

2. ఒక్క బాస్కెట్ అసలు ఖర్చు కట్టండి

చాలామంది లోపలి వస్తువుల ధర, గంప ధర కలిపి అదే ఖర్చు అనుకుంటారు. ఒక మధ్యరకం బాస్కెట్ లెక్క ఉదాహరణగా చూడండి:

- మేదర గంప: రూ. 110
- లోపలి వస్తువులు: రూ. 390
- అడుగున వేసే కాగితం తురుము, సెల్లోఫేన్, రిబ్బన్, ట్యాగ్: రూ. 55
- ఒక గంట పని: రూ. 80
- డెలివరీ: రూ. 60
- పాడయ్యేవి, మిగిలిపోయేవి: రూ. 25
- మొత్తం: రూ. 720

గంప, వస్తువులు కలిపి రూ. 500 అయిందని రూ. 850కి అమ్మితే రూ. 350 మిగిలినట్టు కనిపిస్తుంది. నిజానికి మిగిలేది రూ. 130.

మొత్తం ఖర్చును 0.7తో భాగించండి. 720కి దాదాపు రూ. 1,030 వస్తుంది. అంతకంటే తక్కువకు అమ్మకండి. మన దగ్గర శుభకార్యాల చదివింపులు నూటపదహార్ల లెక్కలో నడుస్తాయి కాబట్టి రూ. 516, రూ. 1,116, రూ. 2,116 ధరలు పెట్టండి. రూ. 999 కన్నా రూ. 1,116 ఇచ్చేవాళ్ళకీ పుచ్చుకునేవాళ్ళకీ మనసుకు నచ్చుతుంది, మీకూ నాలుగు డబ్బులు మిగులుతాయి.

బేరం వచ్చినప్పుడు ధర తగ్గించకండి. రూ. 1,116 బాస్కెట్ మీద లాభం రూ. 396. పది శాతం తగ్గిస్తే పోయేది రూ. 112, అంటే లాభంలో పావు వంతుకు పైనే. దానికి బదులు ఒక వస్తువు తీసేయండి, లేదా గంప మార్చి అట్టపెట్టె ఇవ్వండి. "మీ బడ్జెట్‌లోనే చేస్తానక్కా, ఇత్తడి కుంకుమ భరిణె బదులు చెక్కది పెడతాను" అంటే ఎవరూ నొచ్చుకోరు.

3. ఎవరికి అమ్మాలో తేల్చుకుని డిజైన్లు తగ్గించండి

క్యాటలాగ్‌లో నలభై డిజైన్లు ఉంటే అడిగినవాళ్ళు "మళ్ళీ చెప్తాం" అంటారు. ఐదుకు తగ్గించండి. ఆ ఐదూ కింది వాళ్ళలో ఇద్దరికో ముగ్గురికో సరిపోవాలి.

*స్థానిక కుటుంబాలు.* నిశ్చితార్థం, సీమంతం, ఓణీల ఫంక్షన్, బారసాల, గృహప్రవేశం. వీళ్ళకు ఒక్క బాస్కెట్ కాదు, సారె తట్టలు కావాలి. తట్టల లెక్క బేసి సంఖ్యలో అడుగుతారు: 5, 7, 9, 11, 21. తట్టకు ఒక ధర చెప్పకుండా "11 తట్టల వరస ఇంత" అని మొత్తంగా చెప్పండి. శుభకార్యపు తట్టల్లో నల్ల రిబ్బన్, నల్ల కాగితం వాడొద్దు. అందంగా ఉందని పెట్టినా పెద్దవాళ్ళు అక్కడే పక్కన పెట్టేస్తారు.

*బయటి ఊళ్ళ నుంచి వచ్చి ఇక్కడ పెళ్ళి చేసుకునేవాళ్ళు.* తిరుపతికి ప్రత్యేకంగా కలిసొచ్చే కొనుగోలుదారులు వీళ్ళే. అయినా ఇంటి నుంచి వ్యాపారం చేసేవాళ్ళలో ఎక్కువమంది వీళ్ళను వదిలేస్తున్నారు. తాంబూలం సంచులు, వరుడికి బట్టలు పెట్టే తట్ట, పసుపు కుంకుమ పొట్లాలు ఊరి నుంచి మోసుకురావడం వాళ్ళకు తలనొప్పి. ఏదో ఒకటి మరిచిపోయే వస్తారు. "ముందురోజు సాయంత్రం మీ రూముకే తెచ్చిస్తాం" అన్న ఒక్క మాటకు వాళ్ళు బేరమాడకుండా డబ్బిస్తారు.

వీళ్ళ సరుకు విషయంలో రెండు జాగ్రత్తలు. తిరుమలలో ప్లాస్టిక్ నిషేధం ఉంది, అలిపిరి దగ్గర తనిఖీ చేస్తారు. కొండ మీద పెళ్ళికైతే ష్రింక్ ఫిల్మ్ (వేడి తగిలితే బిగుసుకునే ప్లాస్టిక్ పొర), సెల్లోఫేన్, ప్లాస్టిక్ కవరు ఏదీ వాడకండి. జనపనార సంచి, గుడ్డ సంచి, కాగితం, నారతాడు ఇవే వాడండి. రెండోది, కొండ మీద పూలన్నీ స్వామివారికే. ఆడవాళ్ళు పూలు పెట్టుకోరు. కాబట్టి ఆ తాంబూలంలో మల్లెపూల మూర పెట్టకండి.

*సంస్థలు.* ఆసుపత్రులు, ప్రైవేటు స్కూళ్ళు, నగల దుకాణాలు, కారు షోరూములు, రియల్ ఎస్టేట్ ఆఫీసులు, రేణిగుంట, శ్రీసిటీ వైపు ఫ్యాక్టరీలు. లాభం శాతం తక్కువైనా ఒకేరకం యాభై, వంద చేయవచ్చు. అయితే డబ్బు ఆలస్యమవుతుంది. సగం అడ్వాన్సు లేకుండా ముట్టుకోకండి.

*విదేశాల్లో ఉన్న పిల్లలు.* అమ్మానాన్నల పుట్టినరోజు, షష్టిపూర్తి, పెళ్ళిరోజు. వీళ్ళకు డెలివరీ ఫొటో, అమ్మ నవ్వుతూ మాట్లాడిన పది సెకన్ల వీడియో ముఖ్యం. ఆవిడ సరేనంటేనే తీయండి.

వస్తువుల్లో చుట్టుపక్కల ఊళ్ళ సరుకు రెండో మూడో ఉండాలి: శ్రీకాళహస్తి కలంకారీ సంచి లేదా గుడ్డ, పలమనేరు మట్టి దీపాలు, మాధవమాల చెక్క బొమ్మ, చిత్తూరు బెల్లం, మామిడి తాండ్ర, ఇంట్లో చేసిన నిప్పట్లు, కజ్జికాయలు. ఆన్‌లైన్‌లో దొరికే చాక్లెట్ బాస్కెట్‌తో ధరలో పోటీ పడలేరు. ఈ సరుకుతో పోటీయే ఉండదు. గుడ్డు వేయని బిస్కెట్లు, ఉల్లి వెల్లుల్లి లేని కారాలు అని ట్యాగ్ మీద రాయండి. తిరుపతిలో అడగకపోయినా చూస్తారు.

శ్రీవారి లడ్డూ మాత్రం ఎప్పుడూ బాస్కెట్‌లో పెట్టి అమ్మకండి. ప్రసాదం అమ్ముకునే సరుకు కాదు. పైగా తిరుపతి లడ్డూకు 2009లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది, అంటే ఆ పేరుకు చట్టరక్షణ ఉంది. ఆ పేరు పెట్టుకోవడం కూడా చిక్కే.

4. కాగితాలు సరిచూసుకోండి

తినే వస్తువు ఒక్కటి పెట్టినా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ) నమోదు ఉండాలి. చిన్న వ్యాపారాలకు ప్రాథమిక నమోదు సరిపోతుంది. ఆ సంస్థ వెబ్‌సైట్ ఫాస్‌కాస్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. 14 అంకెల నంబరు వస్తుంది. చిన్న వ్యాపారంగా కేంద్ర ప్రభుత్వం దగ్గర చేసుకునే ఉద్యమ్ నమోదు ఉచితం. డబ్బడిగే దళారుల దగ్గరికి పోకండి.

ఆంధ్రప్రదేశ్‌లో సరుకులు మాత్రమే అమ్మేవాళ్ళకు సంవత్సరానికి రూ. 40 లక్షల టర్నోవర్ దాటితేనే జీఎస్టీ నమోదు. కానీ పన్ను వర్తించే సరుకును పక్క రాష్ట్రానికి అమ్మితే ఈ వెసులుబాటు లేదు. చెన్నై, వేలూరు, బెంగళూరు మనకు దగ్గర కాబట్టి ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. అక్కడి ఆర్డర్లు ఒప్పుకునే ముందు అకౌంటెంట్‌తో మాట్లాడండి. సంస్థలూ జీఎస్టీ బిల్లు అడగవచ్చు.

విడిగా తెచ్చి మీరు పొట్లం కట్టిన తిండి మీద ఉండాల్సినవి:

- పేరు, వాడిన పదార్థాలు
- బరువు, ధర
- కట్టిన తేదీ, ఎప్పటిలోగా తినాలో
- శాకాహారపు ఆకుపచ్చ గుర్తు
- మీ పేరు, చిరునామా, ఫోన్, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు

5. ఫొటో, క్యాటలాగ్, జవాబు

ఫొటోలు ఉదయం 8 నుంచి 10 లోపు, కిటికీ పక్కన, లేతరంగు గుడ్డ మీద తీయండి. ట్యూబ్‌లైట్ కింద తీస్తే కుంకుమ ఎరుపు గోధుమరంగులో కనిపిస్తుంది. ఒక్కో డిజైన్‌కు నాలుగు ఫొటోలు: పూర్తి బాస్కెట్, లోపలి వస్తువులన్నీ విడిగా పరిచినది, దగ్గరగా ఒకటి, చేత్తో పట్టుకున్నది. చివరిది లేకపోతే సైజు తెలియక "ఇంత చిన్నదా" అనే ఫిర్యాదు వస్తుంది.

వాట్సాప్ బిజినెస్ క్యాటలాగ్‌లో ప్రతి డిజైన్ కింద ధర తప్పకుండా రాయండి. "ధర కోసం మెసేజ్ చేయండి" అని రాస్తే సగంమంది అక్కడే ఆగిపోతారు. లోపల ఏమున్నాయి, ఎన్ని రోజుల ముందు చెప్పాలి, తిరుపతిలో డెలివరీ ఎంత, అవీ రాయండి.

ఇక జవాబు. ఎవరైనా "ప్రైస్?" అని అడిగితే అంకె ఒక్కటే పంపి ఊరుకోవడం పెద్ద తప్పు. ఇలా పంపండి:

"నమస్తే మేడమ్. ఇది రూ. 1,116, తిరుపతి టౌన్‌లో డెలివరీ కలిపే. కార్యం ఏ రోజు, ఎన్ని కావాలో చెప్తే ఆ తేదీకి ఖాళీ ఉందో లేదో చూసి చెప్తాను."

ధర, ప్రశ్న రెండూ ఉన్నాయి. తేదీ చెప్పినవాళ్ళు కొనేవాళ్ళు. తేదీ లేనివాళ్ళ పేరుకు లేబుల్ పెట్టి వదిలేయండి. తేదీ చెప్పి మౌనంగా ఉన్నవాళ్ళకు మర్నాడు ఒకసారి, కార్యానికి ఆరు రోజుల ముందు ఒకసారి గుర్తుచేయండి. మూడోసారి వద్దు.

ఆర్డర్ ఖాయమంటే సగం డబ్బు చేతికి రావాలి. అడ్వాన్సు లేని ఆర్డర్‌కు సరుకు కొనకండి, అడిగింది సొంత పిన్నిగారైనా సరే.

6. ముందే తెలిసినవాళ్ళ దగ్గరికి వెళ్ళండి

కార్యం తేదీ మీకంటే ముందు తెలిసేవాళ్ళ జాబితా రాయండి: పురోహితులు, కల్యాణ మండపాల మేనేజర్లు, డెకరేషన్ చేసేవాళ్ళు, వంట కాంట్రాక్టర్లు, ఫొటోగ్రాఫర్లు, మెహందీ, మేకప్ అమ్మాయిలు, బ్లౌజులు కుట్టే టైలర్లు, ట్రావెల్స్, లాడ్జీల రిసెప్షన్. టైలర్లను ఎవరూ పట్టించుకోరు. సీమంతానికి, ఓణీల ఫంక్షన్‌కు నెల ముందే బ్లౌజు కొలతలు ఇచ్చిపోతారు.

వారానికి ఐదుగురిని కలవండి. చేతిలో ఉండాల్సినవి:

- రూ. 150 లోపు ఖర్చయ్యే చిన్న నమూనా, వాళ్ళకే ఇచ్చేయడానికి
- ఐదు డిజైన్లు, ధరలు ఉన్న ఒక్క పేజీ కార్డు
- వెనక వాట్సాప్ క్యూఆర్ కోడ్

చెప్పేది రెండు వాక్యాలు: "సార్, మీ మండపానికి బయటి ఊరి పెళ్ళివాళ్ళు వస్తే తాంబూలం సంచులు, సారె తట్టలు రూముకే తెచ్చిస్తాం. ఆర్డర్ అయితే మీకు ఏడు శాతం, డెలివరీ రోజే."

కమిషన్ ఐదు నుంచి పది శాతం మధ్య పెట్టుకుని ధరలో ముందే కలుపుకోండి. ఇస్తానన్న రోజే ఇవ్వండి. ఒక్కసారి ఆలస్యమైతే ఆ దారి మూసుకుపోతుంది. పురోహితుల దగ్గర కమిషన్ మాట ఎత్తకండి. కొందరు తప్పుగా అనుకుంటారు. పండక్కి మంచి తట్ట ఒకటి ఇంటికి పంపండి.

సంస్థల దగ్గరికి దీపావళికి 60 రోజుల ముందు వెళ్ళాలి. నెల ముందు వెళ్తే బడ్జెట్ ఎవరికో ఇచ్చేసి ఉంటారు. హెచ్‌ఆర్‌ను గానీ, చిన్న సంస్థ అయితే యజమానిని గానీ అడగండి. రూ. 350, రూ. 516, రూ. 1,116లో మూడు నమూనాలు చాలు. వాళ్ళ లోగో ట్యాగ్ అంటించి చూపిస్తే సగం పని అయిపోతుంది.

7. గూగుల్, వాట్సాప్, యాడ్‌లు

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఉచితం. ఇంటి చిరునామా కనిపించకుండా దాచి, డెలివరీ ఇచ్చే ప్రాంతాలు మాత్రం పెట్టవచ్చు. తిరుపతి, తిరుచానూరు, రేణిగుంట, చంద్రగిరి రాయండి. బయటి ఊరి పెళ్ళివాళ్ళు లాడ్జిలో కూర్చుని గూగుల్‌లోనే వెతుకుతారు. డెలివరీ అయిన మర్నాడే రివ్యూ లింకు పంపండి. వారం దాటితే రాయరు.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది వరకే పడతారు. మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే అది చేరుతుంది. "పంపాను, ఒక్కరూ పలకలేదు" అనేవాళ్ళకు చాలాసార్లు ఇదే కారణం. డెలివరీ అప్పుడే "నంబరు సేవ్ చేసుకోండక్కా" అని అడగండి. నెలకు రెండు మెసేజ్‌లు మించొద్దు. రోజూ శుభోదయం పంపితే మ్యూట్ చేస్తారు.

డబ్బు పెట్టి యాడ్ ఎప్పుడు వేయాలి? పదిమంది అడిగితే కనీసం ఇద్దరు కొంటున్నప్పుడే. రోజుకు రూ. 200, ఐదు రోజులు, ఒక్క డిజైన్, నొక్కితే వాట్సాప్ తెరుచుకునేలా. తిరుపతిలో ఒక చిక్కుంది. ఊరి చుట్టూ 15 కిలోమీటర్లు అని పెడితే దర్శనానికి వచ్చి రెండు రోజుల్లో వెళ్ళిపోయే యాత్రికులకూ యాడ్ కనిపిస్తుంది. అందుకే యాడ్ తెలుగులో రాసి, "బైరాగిపట్టెడ, కొర్లగుంట, బాలాజీ కాలనీ, పద్మావతిపురం... ఇంటికే డెలివరీ" అని పేటల పేర్లు పెట్టండి. ఊరివాళ్ళే ఆగి చదువుతారు.

8. పంచాంగం ముందు పెట్టుకుని నెలలు పంచుకోండి

పంచాంగంలో ముహూర్తాలున్న రోజులన్నీ గుర్తు పెట్టండి. ప్రతి ముహూర్తానికి 20 రోజుల ముందు స్టేటస్‌లో సారె తట్టలు కనిపించాలి.

- మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం: పెళ్ళిళ్ళు. తట్టలు, తాంబూలం సంచులు.
- ఆషాఢం, ధనుర్మాసం, మూఢాలు: పెళ్ళిళ్ళుండవు. పుట్టినరోజులు, విదేశాల పిల్లల ఆర్డర్లు, సంస్థల నమూనాలు. వ్యాపారం పడిపోయిందని అప్పుడు ధరలు కోయకండి. అందరికీ అంతే.
- శ్రావణం: వరలక్ష్మీ వ్రతం తాంబూలాలు. పౌర్ణమి ముందు శుక్రవారానికి కనీసం 15 రోజుల ముందే ఆర్డర్లు మూసేయండి.
- ఆశ్వయుజం, కార్తీకం: దీపావళి, తర్వాత మళ్ళీ ముహూర్తాలు.

బ్రహ్మోత్సవాల రోజుల్లో ఊళ్ళో వాహనాలను మళ్ళిస్తారు. ఆ తొమ్మిది రోజులూ డెలివరీలు ఉదయం 9 లోపే ముగించుకోండి.

కొన్నవాళ్ళ ఇంటి తేదీలు నోటుపుస్తకంలో రాసుకోండి. సీమంతం తట్టలు కొన్న ఇంట్లో మూడు నెలలకు బారసాల ఉంటుంది. అప్పుడు "పాప బాగుందా అక్కా? బారసాల ఎప్పుడనుకుంటున్నారు?" అని ఒక్క మెసేజ్ చేయండి. ఎంత యాడ్ వేసినా ఇంత చవకగా ఆర్డర్ రాదు.

9. ప్యాకింగ్‌లో వచ్చే తప్పులు, సరిదిద్దే పద్ధతి

*చాక్లెట్ కరిగింది.* మన ఎండలకు ఏప్రిల్ నుంచి జూన్ దాకా చాక్లెట్ పెట్టకండి. మిగతా నెలల్లోనూ ష్రింక్ ఫిల్మ్ మీద హీట్ గన్ తిప్పితే లోపల మెత్తబడుతుంది. చాక్లెట్ ఉంటే సెల్లోఫేన్ చుట్టి రిబ్బన్ కట్టండి.

*నిప్పట్లు, మురుకులు మెత్తబడ్డాయి.* నవంబరు, డిసెంబరు వానల్లో ఇది మామూలే. పూర్తిగా చల్లారాకే గాలి పోని పౌచ్‌లో సీలు చేయండి. వెచ్చగా కడితే ఆ ఆవిరికే మెత్తబడతాయి.

*గాజు సీసా పగిలింది.* బరువైనవి అడుగున, ఒకదానికొకటి తగలకుండా మధ్యలో అట్టముక్క. కట్టాక గంపను రెండు చేతులతో గట్టిగా ఊపండి. చప్పుడు వస్తే విప్పి మళ్ళీ కట్టండి.

*గంప సగం ఖాళీగా కనిపిస్తోంది.* గంప పెద్దదైంది. కాగితం తురుము ఎక్కువ వేసి దాచకండి, మోసం చేశారనుకుంటారు. చిన్న గంప వాడండి.

*పసుపు, కుంకుమ బట్టలకు అంటింది.* భరిణె మూతకు టేపు వేసి, విడిగా కాగితం పొట్లంలో పెట్టండి. పట్టుచీర ఉన్న తట్టలో అసలు పెట్టకండి.

చిత్తూరు, మదనపల్లె, నెల్లూరు ఆర్డర్లకు ఆర్టీసీ కార్గో సరిపోతుంది. గంప కాకుండా గట్టి అట్టపెట్టె వాడండి, పైన వేరే పార్శిళ్ళు పెడతారు.

10. మొదటి ముప్పై రోజుల పని

1 నుంచి 5 రోజులు:
- పాత చాట్ల జాబితా, ఖర్చుల లెక్క
- నష్టం వచ్చే డిజైన్లు తీసేయడం

6 నుంచి 12:
- ఐదు డిజైన్ల ఫొటోలు, ధరలతో క్యాటలాగ్
- గూగుల్ ప్రొఫైల్, కార్డు ముద్రణ
- ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లేకపోతే దరఖాస్తు

13 నుంచి 25:
- పదిమందిని కలిసి నమూనాలు ఇవ్వడం
- పాత కొనుగోలుదారులందరికీ పేరు పెట్టి విడివిడిగా మెసేజ్, ఫార్వర్డ్ కాదు
- ప్రతి విచారణ నోటుపుస్తకంలో

26 నుంచి 30:
- నమూనా తీసుకున్నవాళ్ళకు ఒక ఫోన్
- అడిగిన ప్రతి పదిమందిలో ఎందరు కొన్నారో లెక్క. ఇద్దరికి తగ్గితే యాడ్ వేయకుండా, ఫొటోలు, జవాబులు మళ్ళీ చూసుకోవడం
- అమ్ముడుపోని రెండు డిజైన్లు తీసి, వచ్చే ముహూర్తాలకు తగినవి రెండు పెట్టడం